పటంలో లేని గీత

ఈ లెక్క చూడడానికి ఏడో తరగతి లెక్కలాగే ఉంటుంది. ఒక సమద్విబాహు త్రిభుజం ఉంది. దాని పై శీర్షాన్ని అ అనీ, భూమి ఎడమ చివరను క అనీ, కుడి చివరను గ అనీ పిలుద్దాం. అ దగ్గర కోణం 20 డిగ్రీలు; క, గ దగ్గర చెరి 80 డిగ్రీలు. క నుంచి భూమితో 60 డిగ్రీల కోణం చేస్తూ బయలుదేరిన ఒక గీత ఎదుటి భుజమైన అగను చ అనే బిందువు దగ్గర తాకుతుంది. గ నుంచి భూమితో 50 డిగ్రీల కోణం చేస్తూ బయలుదేరిన మరొక గీత అక భుజాన్ని ట దగ్గర తాకుతుంది. ఇప్పుడు చ, ట బిందువులను కలిపితే, కచ గీతకూ చట గీతకూ మధ్య ఏర్పడే కోణం ఎంత? ఇక్కడే ఆగి ఒక కాగితం మీద పటం గీసుకున్నవారికి మిగతా వ్యాసం సులువుగా అందుతుంది.

మా అమ్మాయిని ఇంట్లోనే చదివిస్తున్నాం. ప్రస్తుతం తొమ్మిదో తరగతి స్థాయి పాఠాలు నడుస్తున్నాయి. పదో తరగతికి సమానమైన పరీక్షను జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా రాయించాలని మా ఆలోచన. త్రిభుజాల అధ్యాయం ముగిశాక అభ్యాసం కోసం తెచ్చుకున్న ఒక ప్రశ్నల కాగితంలో ఈ లెక్క చిట్టచివర ఉంది. జవాబుల పట్టికలో దీనికి ఎదురుగా 30 డిగ్రీలు అని మాత్రమే ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పే ఒక్క ముక్క కూడా లేదు. బడికి వెళ్ళే పిల్లలైతే మర్నాడు మాస్టారిని అడుగుతారు. ఇంట్లో చదివే పిల్లకు మాస్టారంటే రాత్రి భోజనం అయ్యాక అదే కాగితాన్ని ముందు పెట్టుకుని తల గోక్కుంటున్న తల్లే.

తరువాత తెలిసింది, ఈ లెక్క వయసు నూరేళ్ళు దాటిందని. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఎడ్వర్డ్ మాన్ లాంగ్లీ దీన్ని 1922లో మ్యాథమెటికల్ గెజిట్ పత్రికలో ప్రకటించాడు. 1894లో ఆ పత్రికను మొదలుపెట్టినవాడూ ఆయనే. కోణం 30 డిగ్రీలని నిరూపించమని ఆయన అడిగితే, మరుసటి ఏడాది జేమ్స్ మెర్సర్ పటంలో ఒకే ఒక్క గీత అదనంగా గీసి నిరూపించాడు. ఈ వ్యాసమంతా నిజానికి ఆ ఒక్క గీత గురించే. అది ఎవరో మహానుభావుడికి తట్టిన మాయ అనిపించకుండా, ఒక పధ్నాలుగేళ్ళ పిల్ల తనంతట తాను దాన్ని ఎలా చేరుకోగలదో చూపించడం నా ఉద్దేశం.

మొదట అందరూ చేసే పనే మేమూ చేశాం. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు, సరళరేఖ మీద ఒక బిందువు దగ్గర కోణాల మొత్తం 180 డిగ్రీలు, శీర్షాభిముఖ కోణాలు సమానం అనే మూడు సూత్రాలతో పటంలో ఖాళీగా ఉన్న కోణాలన్నీ నింపుకుంటూ పోయాం. కచ, గట గీతలు ఒకదాన్నొకటి ఖండించుకునే చోటును మ అనుకుంటే, కమగ కోణం 70 డిగ్రీలు వస్తుంది. కటగ కోణం 50, కచగ కోణం 40. ఇంతవరకు నల్లేరు మీద నడకే. ఇక మిగిలినవి నాలుగు కోణాలు: మనకు కావలసిన కచట, దానికి జోడీగా ట దగ్గర ఉన్న గటచ, పై ముక్కలోని అచట, అటచ.

మటచ త్రిభుజంలో మ దగ్గర కోణం 70 డిగ్రీలు కనుక, మిగతా రెండు, అంటే కచట, గటచ కలిపి 110 డిగ్రీలు కావాలి. ఒక సమీకరణం దొరికింది, రెండోది కావాలి. అగ భుజం మీద చ దగ్గర కోణాలు కూడి చూస్తే అచట కోణం 140 లోంచి కచటను తీసివేసినంత. అక భుజం మీద ట దగ్గర కూడితే అటచ కోణం 130 లోంచి గటచను తీసివేసినంత. పై త్రిభుజంలో అ దగ్గర 20 పోగా ఈ రెండూ కలిపి 160 కావాలి. ఈ విలువలను అందులో పెట్టి సర్దితే తేలేదేమిటి? కచట, గటచ కలిపి 110 డిగ్రీలు. బయలుదేరిన చోటికే వచ్చాం. క, చ, ట బిందువుల త్రిభుజం తీసుకున్నా, గ, చ, ట బిందువుల త్రిభుజం తీసుకున్నా, మధ్యలోని చతుర్భుజం కోణాలు కూడినా అదే 110 ఎదురవుతుంది. రెండు సాయంత్రాలు ఈ గానుగెద్దు తిరుగుడులోనే గడిచాయి. ఎక్కడో ఒక కోణాన్ని చూడకుండా వదిలేశామని నేను అనుకుంటూ ఉండడమే అందుకు కారణం.

ఆ తిరుగుడును ఆపింది మా అమ్మాయి అడిగిన ప్రశ్న. "అమ్మా, 30 బదులు 40 పెట్టి, ఇవతల 70 పెట్టినా అన్నీ సరిపోతున్నాయి కదా?" అంది. పెట్టి చూశాం. ప్రతి త్రిభుజంలోనూ మొత్తం 180 వచ్చింది. 50, 60 పెట్టినా వచ్చింది. అంటే మేము చేస్తున్న లెక్కలో పొరపాటు లేదు. ఆ లెక్కకు 30నీ 40నీ వేరు చేసి చూసే కన్నే లేదు. కోణాల కూడికలతో మాత్రమే ఈ జవాబు ఎన్నటికీ రాదని ఆ పిల్ల ప్రశ్నే నిరూపించింది. నాకు మాత్రం అది నిరూపణ అని తట్టడానికి మరికొంత సమయం పట్టింది.

మరి పటం ఒకటే కదా, అందులో కోణం ఒకటే ఉండాలి కదా అని సందేహం రావచ్చు. నిజమే. భూమి గీసి, రెండు చివరలా చెప్పిన కోణాలతో గీతలు లాగితే చ, ట ఎక్కడ పడాలో పూర్తిగా నిర్ణయమైపోతుంది, ఇక చట గీత అటూ ఇటూ కదలడానికి వీలే లేదు. అయితే కోణాల మొత్తం అనే సూత్రం ఒక్కో త్రిభుజాన్ని విడివిడిగా పరీక్షిస్తుంది. పక్కపక్కనున్న త్రిభుజాలకు ఉమ్మడిగా ఒక భుజం ఉందన్న సంగతి దానికి పట్టదు. మ చుట్టూ ఉన్న నాలుగు త్రిభుజాలను నాలుగు గుడ్డముక్కలు అనుకోండి. 40, 70 కోణాలతో కూడా నాలుగో ముక్కను కత్తిరించవచ్చు, ఆ ముక్కలో తప్పేమీ ఉండదు. కానీ దర్జీ మూడు ముక్కలను వరుసగా కుట్టి ఈ నాలుగోదాన్ని తెచ్చి ఒక పక్క అంచు కలిపితే, రెండో పక్క అంచు పొడవు చాలదు. 30, 80 కోణాల ముక్క మాత్రమే రెండు అంచుల్లోనూ సరిగ్గా అతుకుతుంది. కాబట్టి లెక్కలోకి ఎక్కడో ఒకచోట పొడవులు రావాలి, వాటిని తీసుకురాకుండా దారి లేదు.

పొడవులను తెచ్చే రాజమార్గం ఇంటర్మీడియట్ చదివినవారికి తెలుసు. త్రిభుజంలో భుజాల పొడవులు ఎదుటి కోణాల సైన్ విలువల నిష్పత్తిలో ఉంటాయనే సైన్ సూత్రాన్ని మూడు త్రిభుజాలకు వరుసగా వాడితే, మచ పొడవుకూ మట పొడవుకూ ఉండవలసిన నిష్పత్తి తేలుతుంది. అది సైన్ 30, సైన్ 60ల లబ్ధాన్ని సైన్ 40, సైన్ 20ల లబ్ధంతో భాగించగా వచ్చేది, సుమారు 1.97. నాలుగో త్రిభుజంలో 40, 70 కోణాలు పెడితే ఆ నిష్పత్తి 1.46 దగ్గరే ఆగిపోతుంది. 30, 80 పెడితే సరిగ్గా 1.97 వస్తుంది. నేను మూడో రోజు ఈ దారిలోనే జవాబు తెచ్చాను, కాసేపు గర్వపడ్డాను కూడా. కానీ తొమ్మిదో తరగతి పిల్ల సైన్ పట్టిక మొహం ఇంకా చూడలేదు. నాకు తెలిసిన దారిని ఆమెకు అప్పజెప్పడం అంటే ఆమె చేతిలో ఉన్న పనిముట్లు ఈ పనికి చాలవని చెప్పడమే. అవి చాలుతాయి. ఇంట్లో చదువు చెప్పే పెద్దలకు ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు: మనకు జవాబు తెలిసిన దారి ఒకటి, పిల్ల నడవగల దారి మరొకటి.

తొమ్మిదో తరగతి పిల్ల దగ్గర కోణాలకూ పొడవులకూ మధ్య వంతెన వేసే సూత్రం ఏమైనా ఉందా? ఒకటి ఉంది, అది చాలా పాతది. త్రిభుజంలో రెండు కోణాలు సమానమైతే వాటికి ఎదురుగా ఉన్న భుజాలు సమానం. భుజాలు సమానమైతే కోణాలు సమానం. ఈ సూత్రం మీద రెండు వైపులా ప్రయాణం చేయవచ్చు: కోణాలు తెలిసిన చోట ఎక్కి పొడవుల దగ్గర దిగవచ్చు, పొడవుల దగ్గర ఎక్కి కోణాల దగ్గర దిగవచ్చు. అందుకని పటంలో కొత్త కోణాల కోసం వెతకడం మానేసి, సమాన కోణాలున్న త్రిభుజాల కోసం వెతకమని చెప్పాను.

ఇచ్చిన పటంలోనే అలాంటివి రెండు ఉన్నాయి. మొదటిది అకచ: అ దగ్గర 20, క దగ్గర 20, కాబట్టి అచ, కచ సమానం. అది కనబడగానే మా అమ్మాయి ఎగిరి గంతేసి, అరగంట దాని వెంటబడింది; దాన్నుంచి ఏమీ రాలలేదు. రెండోది కగట: క దగ్గర 80, గ దగ్గర 50, కాబట్టి ట దగ్గర కూడా 50. అంటే కట పొడవు భూమి పొడవైన కగకు సమానం. చూడడానికి ఇది అంత గొప్ప విశేషంగా కనిపించదు గానీ, లెక్క తాళంచెవి ఇందులోనే ఉంది.

క అనే ఒకే బిందువు నుంచి రెండు సమాన పొడవులు బయలుదేరుతున్నాయంటే, జామెట్రీ బాక్సులోని కంపాసు చేతికి రావాలి. కంపాసు ముల్లును క దగ్గర గుచ్చి, పెన్సిలును గ దాకా తెరిచి, చాపం గీయండి. అది గ దగ్గర మొదలై, పైకి వంగుతూ వెళ్ళి, ట గుండా పోతుంది. పోవలసిందే, కట, కగ సమానం కదా. కానీ ట దగ్గరకు చేరేలోపు దారిలో ఆ చాపం అగ భుజాన్ని గకు కాస్త పైన మరొకచోట ఖండిస్తుంది. ఆ చోటుకు మనం ఇంతవరకు పేరు పెట్టలేదు, ఎందుకంటే ప్రశ్నలో ఆ బిందువు లేదు. దాన్ని ప అందాం, కప గీత గీద్దాం. మెర్సర్ అదనంగా గీసిన గీత ఇదే. పుస్తకాల్లో దీన్ని సాధారణంగా ‘క నుంచి భూమితో 20 డిగ్రీల కోణం చేస్తూ ఒక గీత గీయుము’ అని మొదటి వాక్యంగా పెడతారు. ఆ 20 ఎక్కడినుంచి ఊడిపడిందో చెప్పకపోవడం వల్లే పిల్లలకు జ్యామితి అంటే తమకు అందని గారడీ అన్న అభిప్రాయం కలుగుతుందని నాకు అనిపిస్తుంది. కంపాసు చెప్పే కథలో గారడీ లేదు. ఒక సమాన పొడవు దొరికింది, అదే పొడవు ఇంకెక్కడ పడుతుందో చూశాం, అంతే.

ఇక మిగిలిన పనికి మేము చీపురు పుల్లలు వాడాం. పెద్ద కాగితం మీద భూమిని 5 సెంటీమీటర్లు తీసుకుంటే పక్క భుజాలు సుమారు 14.4 సెంటీమీటర్లు వస్తాయి. 5 సెంటీమీటర్ల పుల్లలు కొన్ని తుంచుకుని, సమానమని నిరూపించిన తరువాతే ఒక్కో పుల్లను పటం మీద పెట్టాలని నియమం పెట్టుకున్నాం. భూమి మీద ఒకటి, కట మీద ఒకటి, కప మీద ఒకటి, అప్పటికి మూడు. కప భూమికి సమానం కనుక కగప త్రిభుజంలో గ దగ్గర 80 ఉంటే ప దగ్గరా 80 ఉండాలి, క దగ్గర మిగిలేది 20. పుస్తకంలోని 20 ఇప్పుడు దానంతట అది వచ్చింది. పక్కకు ఒరిగి పడుకున్న ఈ బుల్లి త్రిభుజం పెద్ద త్రిభుజానికి అచ్చు నకలు అన్నది గమనించదగ్గ సంగతి.

క దగ్గర మొత్తం 80 లోంచి ఈ 20 పోతే పకట కోణం 60. దానికి రెండు వైపులా ఉన్న కప, కట సమానం. రెండు సమాన భుజాల మధ్య 60 డిగ్రీలుంటే మిగతా రెండు కోణాలూ 60 కాక తప్పదు, కాబట్టి కపట సమబాహు త్రిభుజం. పట మీద నాలుగో పుల్ల పడింది. ఈ పుల్ల పెట్టేటప్పుడు అది రెండు చివరలా గీతల మీద కచ్చితంగా కూర్చోవడం చూసి మా అమ్మాయి దాన్ని రెండుసార్లు తీసి మళ్ళీ పెట్టింది.

ఐదో పుల్ల కాస్త దాక్కుని ఉంది. కపచ త్రిభుజాన్ని చూడండి. క దగ్గర కచ గీత భూమితో 60, కప గీత 20 చేస్తాయి కనుక, వాటి మధ్య 40. చ దగ్గర కోణం మొదటి సాయంత్రమే మేము లెక్కగట్టి పక్కన పడేసిన కచగ, అది కూడా 40. అంటే పక, పచ సమానం. పచ మీద ఐదో పుల్ల పెట్టవచ్చు. ఇప్పుడు ప నుంచి ట వైపు ఒక పుల్ల, చ వైపు ఒక పుల్ల ఉన్నాయి. మనకు కావలసిన చట గీత ఆ రెండు పుల్లల కొసలనూ కలిపే గీత. ఇంతసేపూ ఏ త్రిభుజంలోనూ ఇమడకుండా తప్పించుకు తిరిగిన గీత సమద్విబాహు త్రిభుజానికి భూమిగా దొరికిపోయింది.

ప దగ్గర అగ సరళరేఖ మీద లెక్క చూస్తే గపక 80, కపట 60, మిగిలిన టపచ 40. పటచ త్రిభుజంలో ఈ 40 పోగా మిగిలిన 140 రెండు సమాన భాగాలై పచట కోణం 70 అవుతుంది. అందులో కచప 40 ఉంది. 70 లోంచి 40 పోతే 30. కచట కోణం 30 డిగ్రీలు.

నిరూపణలో వాడినదంతా కోణాల మొత్తం, సమద్విబాహు త్రిభుజ ధర్మం, ఇంతే. మొదటి రెండు సాయంత్రాలూ కోణాల్లోంచి కోణాల్లోకి మాత్రమే తిరిగాం కాబట్టి ఇరుక్కుపోయాం. ఇప్పుడు కోణాల్లోంచి మూడుచోట్ల పొడవుల్లోకి దాటి, మూడుచోట్ల పొడవుల్లోంచి తిరిగి కోణాల్లోకి వచ్చాం, చివరిసారి పటచ త్రిభుజంలో. 40, 70 జోడీ వీగిపోయింది సరిగ్గా ఆ చివరి దాటుడు దగ్గరే.

ఇంత శ్రమ దేనికి, కోణమానినితో కొలిస్తే పోయేది కదా అని మా ఇంట్లోనే ఒకరు అన్నారు. మేము కొలిచాం కూడా. ఒకసారి 31, ఇంకోసారి 29 వచ్చింది. పెన్సిలు మొన లావే అర డిగ్రీ తినేస్తుంది. పైగా ఈ పటాన్ని స్కేలు, కంపాసులతో మాత్రమే కచ్చితంగా గీయడం అసలు సాధ్యం కాదు: 20 డిగ్రీలంటే 60లో మూడో వంతు, దాన్ని ఆ రెండు పరికరాలతో రాబట్టలేమని 1837లో పియర్ వాంట్జెల్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు నిరూపించాడు. కొలతను ఎందుకు నమ్మకూడదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఇదే లెక్కలో ఉంది. క దగ్గర 60 బదులు 55 డిగ్రీలు తీసుకుని, మిగతావన్నీ అలాగే ఉంచండి. సైన్ సూత్రంతో లెక్కిస్తే మనకు కావలసిన కోణం 40.985 డిగ్రీలు వస్తుంది. కోణమానిని దాన్ని ఎంత జాగ్రత్తగా కొలిచినా 41 అనే చూపిస్తుంది. అది 41 అని నమ్మి నిరూపణ వెతకడానికి కూర్చున్నవారు ఎన్ని గీతలు గీసినా ఐదో పుల్ల పట్టదు, ఎందుకంటే అది 41 కాదు. ఇచ్చిన కోణాలన్నీ పూర్ణసంఖ్యలైనంత మాత్రాన జవాబు పూర్ణసంఖ్య కావాలన్న నియమం లేదు. లాంగ్లీ ఎంచుకున్న 60, 50ల జంటకు అలా కుదిరింది. అలా కుదిరే కోణాల మీద గణితజ్ఞులు ఆ తరువాత దశాబ్దాల పాటు పనిచేశారు. ఈ పటంలోని కోణాలన్నీ పదేసి డిగ్రీల గుణిజాలు కావడం వల్ల, ఇది 18 భుజాల క్రమబహుభుజి కర్ణాల మధ్య ఇమిడిపోతుందని కూడా తెలిసింది.

ఈ లెక్కకు ఒక తోబుట్టువు ఉంది. త్రిభుజం అదే, క దగ్గర 60 డిగ్రీలు అలాగే ఉంచి, గ దగ్గర 50 బదులు 70 తీసుకుంటారు, ఈసారి ట దగ్గరి గటచ కోణాన్ని అడుగుతారు. జవాబు 20 డిగ్రీలు. అలవాటు కొద్దీ మా అమ్మాయి కంపాసు ముల్లును క దగ్గర గుచ్చి చాపం గీసింది గానీ, అది ట గుండా పోలేదు. ఇక్కడ ట దగ్గరి కటగ కోణం 50 కాదు, 30. ముల్లును గ దగ్గరకు మార్చి గీసినా పోలేదు. భూమి పొడవు ఈసారి అంత తేలిగ్గా సాయం చేయదు. మొదటి లెక్కలో అరగంట వెంటబడి వదిలేసిన అకచ త్రిభుజం, అ దగ్గర 20, క దగ్గర 20 ఉన్నది, ఇక్కడ అక్కరకు వస్తుంది. ఆ సంగతి ఆమెకు నేనింకా చెప్పలేదు. 5 సెంటీమీటర్ల పుల్లలు పనికిరావని తేల్చుకుని, ఇప్పుడు అచ పొడవుకు సరిపడా కొత్త పుల్లలు తుంచుతోంది.